బుడగలు వచ్చింది కార్బన్ నుంచి కాదు

పోయిన కార్తీకంలో ఒక రాత్రి మా పెరట్లో ప్లాస్టిక్ బకెట్ ముందు కూర్చుని నేను తెగ సంతోషపడ్డాను. బకెట్లో కాస్టిక్ సోడా నీళ్ళు. అందులో మా నాన్న కారు ఇంజన్ నుంచి విప్పి తెచ్చిన ఒక వంపు గొట్టం. షెడ్డులో దాన్ని ఎల్బో అంటారు. లోపలంతా వేలు మందాన నల్లటి కార్బన్. నీళ్ళలో వేసిన కాసేపటికే బుసబుసా బుడగలు మొదలయ్యాయి. నీళ్ళు నల్లబడ్డాయి. "పని చేస్తోంది!" అని వీడియో తీసి స్టేటస్ కూడా పెట్టాను.

పొద్దున్నే లేచి చూస్తే కార్బన్ చాలావరకు అలాగే ఉంది. గొట్టం అంచులే లేవు.

ఆ రాత్రి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం. మెకానికల్ వాళ్ళు నవ్వుకోవచ్చు, పర్లేదు. కానీ ఇంట్లో కారో బైకో ఉండి, "ఒక బాటిల్ పోస్తే ఇంజన్ కొత్తదైపోతుంది" అనే వీడియోలు చూసే మనలాంటి వాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. ఇంకో మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. కొన్ని మాటలకి తెలుగు నాకు తెలీదు. అవి షెడ్డులో విన్నవి విన్నట్టే రాస్తున్నాను.

బండి కథ

మా నాన్న బాపట్లలో కారు అద్దెకి తిప్పుతాడు. రైలు దిగినవాళ్ళని సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్ళడం, సాయంత్రం మళ్ళీ స్టేషన్లో దించడం. 2014 మోడల్ డీజిల్ బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి జనం వస్తారు. కానీ ఏడాది మొత్తానికీ అసలు సీజన్ కార్తీక మాసం. పౌర్ణమి సముద్ర స్నానాలకి సూర్యలంక రోడ్డు రోడ్డంతా జనమే. ఆ వారం రోజుల సంపాదన మీద మా ఇంట్లో చాలా లెక్కలు ఆధారపడి ఉంటాయి. అందులో నా సెమిస్టర్ ఫీజు ఒకటి.

సరిగ్గా పౌర్ణమికి పది రోజుల ముందు బండి మొండికేసింది. యాక్సిలరేటర్ తొక్కితే లాగదు. వెనకాల నల్లపొగ. మీటర్లో పసుపు రంగు ఇంజన్ లైటు. ఒకచోట చూపిస్తే, "లోపలంతా కార్బన్ పట్టేసింది, డీకార్బనైజేషన్ చేయాలి, నాలుగున్నర వేలు" అన్నారు. నాన్న ఆలోచనలో పడ్డాడు. నేను మాత్రం ఫోన్ తీశాను. ఆరు వందలకే ఒక బాటిల్ దొరికింది. నాలుగున్నర వేలెక్కడ, ఆరు వందలెక్కడ! ఇంజినీరింగ్ చదువుతున్న కూతురిగా ఇంటికి నేను చేసిన మొదటి ఆర్థిక సాయం అనుకున్నాను.

ఆ బాటిల్ ఎందుకు పని చేయలేదో చెప్పాలంటే ముందు ఆ నల్లటి పదార్థం ఏంటో చూడాలి.

మూకుడు అడుగు, మూకుడు అంచు

కార్బన్ అని మనం ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అది కెమిస్ట్రీ బుక్కులో ఉన్న కార్బన్ కాదు. మీ ఇంట్లో గారెలు వేసే పాత మూకుడు ఒకసారి చూడండి. కట్టెల పొయ్యి మీద పెట్టి ఉంటే అడుగున పట్టేది మసి. వేలితో రుద్దితే వచ్చేస్తుంది. కానీ అంచు చుట్టూ గోధుమరంగులోకి, తర్వాత నలుపులోకి తిరిగి గట్టిపడిన పొర ఉంటుంది చూశారా? అది నూనె. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి నూనె అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి దాదాపు ప్లాస్టిక్‌లా తయారైనది. సబ్బుకి లొంగదు, పీచుకి లొంగదు.

ఇంజన్‌లో పేరుకునేది ఈ రెండూ కలిసినది. సగం కాలిన ఇంధనం నుంచి మసి వస్తుంది. ఇంజన్ ఆయిల్ ఆవిరి నుంచి, ఇంధనంలోని బరువైన భాగాల నుంచి జిడ్డు వస్తుంది. జిడ్డు జిగురులా పనిచేసి మసిని గోడకి అంటిస్తుంది. దాని మీద మళ్ళీ జిడ్డు, మళ్ళీ మసి. ఇలా పొరలు పొరలుగా.

ఇక్కడే మొదటి ముఖ్యమైన విషయం ఉంది. మసిని కరిగించే ద్రవం మన బజార్లో ఏదీ లేదు. మందులు కరిగించేది, మెత్తబరిచేది జిగురుని. జిగురు వదిలితే మసి దానంతట అదే రాలుతుంది. జిగురు పూర్తిగా మాడి గట్టిబొగ్గులా అయిపోతే ఏ మందుకైనా కష్టమే. అప్పుడు గీకాలి, లేదా కాల్చాలి. మసి మండాలంటే మామూలుగా 550, 600 డిగ్రీల దగ్గరి వేడి కావాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి పెడుతున్నారు. అది నిండినప్పుడు బండే ఎగ్జాస్ట్‌ని అంత వేడెక్కించి మసిని కాల్చేసుకుంటుంది. మా 2014 బండికి అలాంటిది లేదు.

ఎక్కడ పేరుకుంది అన్నదే అసలు ప్రశ్న

ఇంజన్‌లో కార్బన్ పట్టే చోట్లు చాలా ఉన్నాయి. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్ల మూతి. గాలి లోపలికి వచ్చే దారి, ఆ దారి చివర ఉండే వాల్వ్‌లు. ఇంధనం మండే గది, పిస్టన్ తల. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. ఇక డీజిల్ బండ్లలో ముఖ్యంగా ఈజీఆర్.

ఈజీఆర్ అంటే కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజన్‌లోకే పంపే ఏర్పాటు. విన్నప్పుడు నాకు పిచ్చి పనిలా అనిపించింది. కారణం ఉంది. మంట వేడి సుమారు 1,500 డిగ్రీలు దాటితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ ఎక్కువగా కలిసి విషవాయువులు తయారవుతాయి. కాలిపోయిన పొగలో ఆక్సిజన్ తక్కువ. దాన్ని కొంచెం కలిపితే మంట వేడి తగ్గుతుంది, ఆ వాయువులూ తగ్గుతాయి. మన ఊపిరితిత్తులకి మంచిదే. కానీ ఆ పొగతోపాటు మసి కూడా గాలి దారిలోకి వస్తుంది. అదే దారిలో ఇంజన్ అడుగు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరీ కలుస్తుంది. మసి, జిడ్డు రెండూ కలిసే కూడలి అదే. మా ఎల్బో ఉండేది సరిగ్గా ఆ కూడలిలో.

కార్బన్ పేరుకుని ఈజీఆర్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే పొగ అవసరానికి మించి లోపలికి పోతుంది. ఆక్సిజన్ చాలదు. ఇంధనం సరిగ్గా కాలదు. మసి ఇంకా పెరుగుతుంది. ఆ మసి మళ్ళీ అదే వాల్వ్ మీద పేరుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎగ్జిట్ కండిషన్ లేని లూప్.

ట్యాంకులో పోసిన ఆరు వందలు

ఇప్పుడు నా బాటిల్ దారి చూడండి. ట్యాంకులో పోశాను. అక్కడి నుంచి ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్. ఇంజెక్టర్ నుంచి నేరుగా మంట గదిలోకి. అక్కడ కాలిపోయింది. ఈజీఆర్ వైపు అది వెళ్ళనే లేదు. వెళ్ళినా మందుగా వెళ్ళదు, కాలిన పొగగా వెళ్తుంది. తెనాలి వెళ్ళాల్సినవాడిని చీరాల వెళ్ళే రైలు ఎక్కించినట్టు. రైలు మంచిదే, మనిషి మంచివాడే, దారే వేరు.

అలా అని ట్యాంకులో పోసే మందులన్నీ మోసం అనడం తప్పు. పెట్రోలు కార్లలో వీటికి పెద్ద చరిత్రే ఉంది. 1980లలో కార్బ్యురేటర్లు పోయి ఇంజెక్టర్లు వచ్చాక వాటి సన్నటి రంధ్రాలు పూడిపోవడం అమెరికాలో పెద్ద గొడవైంది. దాంతో పెట్రోల్లోనే మురికిని అడ్డుకునే డిటర్జెంట్లు కలపడం పెరిగింది. 1995 జనవరి 1 నుంచి అక్కడ అమ్మే పెట్రోలు మొత్తానికీ అవి తప్పనిసరి చేశారు. వాటిలో పేరున్నది పాలీఈథర్ అమీన్, పొట్టిగా పీఈఏ. దాని అణువుకి ఒక చివర నైట్రోజన్ ఉన్న తల, ఇంకో వైపు పొడుగాటి తోక. తల మురికిని పట్టుకుంటుంది, తోక పెట్రోల్లో కరుగుతుంది. మన సబ్బు జిడ్డుని పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయినట్టే. వేడిని బాగా తట్టుకుంటుంది కాబట్టి మంట గది దాకా కొంత పనిచేస్తుంది.

కానీ ఇక్కడ కూడా దారే ముఖ్యం. మామూలు పెట్రోలు ఇంజన్‌లో పెట్రోలుని ఇన్‌టేక్ వాల్వ్ వెనక వీపు మీద చిమ్ముతారు. కాబట్టి పెట్రోల్లో ఉన్న మందు ఆ వాల్వ్‌ని రోజూ కడుగుతూనే ఉంటుంది. ఇప్పుడొస్తున్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బండ్లలో ఇంధనం సరాసరి మంట గదిలోనే పడుతుంది. వాల్వ్ వీపుకి పెట్రోలు తగలదు, మందూ తగలదు. అందుకే అలాంటి ఇంజన్లకి వాల్వ్‌ల మీద కార్బన్ పడితే, దాని మీదకి వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి రాల్చే పద్ధతి వచ్చింది. ఆ పెంకులు కార్బన్‌ని రాలుస్తాయి, లోహాన్ని గీకవు.

డీజిల్ ట్యాంకులో పోసే మందుకి కూడా చేరే చోటు ఇంజెక్టర్లే. ఇంజెక్టర్ మూతి మురికిగా ఉంటే అది సాయం చేయొచ్చు. మాది ఇంజెక్టర్ సమస్య కాదు. నేను రోగం ఎక్కడుందో చూడకుండా మందు కొన్నాను.

స్ప్రే డబ్బా, ఆగిపోయిన చెయ్యి

బాటిల్ పని చేయకపోయేసరికి నాకు పట్టుదల పెరిగింది. కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే ఒకటి కొన్నాను. ఇంజన్ ఆన్‌లో పెట్టి గాలి గొట్టంలోకి కొడితే కార్బన్ అంతా పొగై పోతుందని ఒక వీడియో. బండిని నాన్న ఎప్పుడూ చూపించే మెకానిక్ బాబాయ్ షెడ్డుకి తీసుకెళ్ళాం. ఆయన ఇంకో బండి కింద ఉన్నాడు. నేను ఎయిర్ పైపు ఊడదీసి, నాన్నని స్టార్ట్ చేయమని, స్ప్రే పట్టుకుని నిలబడ్డాను. బాబాయ్ బండి కింద నుంచే అరిచాడు. "పాపా! చెయ్యి తియ్! అది డీజిలు!"

ఆయన తర్వాత చెప్పింది ఇది. పెట్రోలు ఇంజన్‌లో మంట ఎప్పుడు అంటుకోవాలో స్పార్క్ ప్లగ్ నిర్ణయిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్ నిప్పురవ్వ ఉండదు. గాలిని 16, 18 రెట్లు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, సరైన క్షణంలో డీజిల్ చిమ్మితే అంటుకుంటుంది. ఆ గాలిలో ముందే తేలిగ్గా మండే స్ప్రే కలిసి ఉంటే? పిస్టన్ పైకి వస్తుండగానే, టైమ్ కాకముందే పేలుతుంది. పిస్టన్, కనెక్టింగ్ రాడ్ దెబ్బతినొచ్చు. అంతకంటే భయంకరం, గాలి దారి నుంచి ఇంధనం అందుతుంటే ఇంజన్ వేగం మన కంట్రోల్‌లో ఉండదు. డీజిల్ ఇంజన్‌కి బయటి నుంచి ఇంధనం దొరికితే తాళం తీసేసినా ఆగకపోవచ్చు.

నేను చూసిన వీడియో పెట్రోలు కారుది. నేను అది గమనించలేదు. మనం కోడ్ కాపీ కొట్టేటప్పుడు కనీసం వెర్షన్ చూస్తాం కదా, ఇంజన్ విషయంలో అదీ చూడలేదు.

పెట్రోలు బండికైనా ఆ స్ప్రే జాగ్రత్తగా వాడాలి. గాలిని కొలిచే సెన్సర్ మీద పడితే దాని సన్నటి తీగ పాడవుతుంది. రబ్బరు, కొన్ని రకాల ప్లాస్టిక్ ఉబ్బుతాయి. ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది.

పెదనాన్న చేతక్, నా బకెట్

బాబాయ్ ఈజీఆర్ వాల్వ్, ఎల్బో విప్పి చూపించాడు. అంత కార్బన్ నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో చిటికెన వేలు పట్టే దారి మాత్రమే మిగిలింది. "వాల్వ్ నేను చూసుకుంటా. మోటారుంటుంది, నానబెట్టకూడదు. ఈ ఎల్బో మీరు ఇంటికి తీసుకెళ్ళి డీజిల్లో నానేసి బ్రష్షుతో గీకండి, లేబరు మిగులుద్ది" అన్నాడు.

ఇంటికొచ్చాక పెదనాన్న చూసి, "డీజిలెందుకు? మా రోజుల్లో చేతక్ సైలెన్సర్‌ని కాస్టిక్ సోడాలో రాత్రంతా వేసేవాళ్ళు, పొద్దున్నకి తెల్లగా వచ్చేది" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ టూ-స్ట్రోక్ స్కూటర్లలో ఆయిల్‌ని పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళు. ఆయిల్ కూడా కాలేది, సైలెన్సర్ జిడ్డు కార్బన్‌తో పూడుకుపోయేది. మెకానిక్‌లు దాన్ని మంటలో కాల్చేవాళ్ళు, లేదా కాస్టిక్‌లో నానబెట్టేవాళ్ళు. కాస్టిక్ జిడ్డుని విడగొడుతుంది, కార్బన్ పట్టు వదులుతుంది. ఇనుముని మాత్రం పెద్దగా ఏమీ చేయదు.

సైలెన్సర్ ఇనుము. నా ఎల్బో అల్యూమినియం.

అర కిలో కాస్టిక్ సోడా, వేడి నీళ్ళు, బకెట్. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఈ రియాక్షన్‌ని పరీక్షలో బ్యాలెన్స్ చేసి మార్కులు తెచ్చుకున్న అమ్మాయిని నేను. అల్యూమినియం మీద గట్టి ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, మామూలుగా లోహాన్ని అదే కాపాడుతుంది. కాస్టిక్ ముందు ఆ పొరనే కరిగిస్తుంది. తర్వాత లోహం, నీళ్ళు, కాస్టిక్ కలిసి హైడ్రోజన్ వదులుతాయి. నేను వీడియో తీసిన బుడగలు అవే. గొట్టం లోపల కార్బన్ ఉన్నచోట ఆ కార్బనే లోహానికి కవచమైంది. శుభ్రంగా ఉన్న బయటి వైపు, రబ్బరు గాస్కెట్ కూర్చునే నున్నటి అంచులు కరిగిపోయాయి. అంటే నేను మురికిని కాపాడి, గొట్టాన్ని కడిగేశాను.

లెక్క వేస్తే ఇంకా భయమేసింది. 54 గ్రాముల అల్యూమినియం కరిగితే 6 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. వినడానికి చిన్నదే. కానీ మామూలు వేడిలో అది 70 లీటర్లకు పైనే. హైడ్రోజన్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పక్కర్లేదు. బకెట్‌కి నాలుగడుగుల దూరంలో నానమ్మ నీళ్ళు కాగబెట్టే కట్టెల పొయ్యి. అది పెరడు కాబట్టి, గాలి ఆడుతోంది కాబట్టి సరిపోయింది. అదే మూసిన బాత్‌రూమ్ అయితే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో.

పొద్దున్న నానమ్మ బకెట్ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఇది సత్తుదా?" అవును నానమ్మా, అల్యూమినియం. "సత్తు గిన్నెలో సోడా వేస్తే నల్లబడిపోద్దని నీకెవరూ చెప్పలేదంటే?" మా నానమ్మ బడి మెట్లు ఎక్కలేదు. వంటింట్లో ఆవిడ నలభై ఏళ్ళుగా పాటిస్తున్న రూలు నేను టెక్స్ట్‌బుక్కులో చదివి వదిలేశాను.

నాన్న తిట్టలేదు. అదే ఎక్కువ బాధ. అంచులు పోయిన ఎల్బో బిగిస్తే గాలి లీకవుతుంది, పొగ ఇంకా పెరుగుతుంది. పనికిరాదు. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొట్ల చుట్టూ తిరిగి ఒకటి పట్టుకొచ్చాడు. రెండు వేల ఎనిమిది వందలు, మూడు రోజులు. పౌర్ణమి రోజు మా బండి షెడ్డులో ఉంది. నాన్న వేరేవాళ్ళ బండికి డ్రైవరుగా వెళ్ళాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి, రాత్రి పదికి వచ్చి, తొమ్మిది వందల కూలి నానమ్మ చేతిలో పెట్టాడు.

చివరికి పని చేసింది

ఆటోనగర్ ఎల్బోలో కూడా కార్బన్ ఉంది. ఈసారి బాబాయ్ చెప్పినట్టే చేశాం. డీజిల్లో ఒక రాత్రి నానబెట్టాం. జిగురు మెత్తబడింది. చెక్క పుల్లతో, నైలాన్ బ్రష్‌తో గీకాం. మిగిలిన జిడ్డుకి, భయపడి మూలన పెట్టిన ఆ స్ప్రే వాడాం. బయట, గాలిలో, విడిగా ఉన్న భాగం మీద. పూర్తిగా ఆరబెట్టాకే బిగించాం. గంటన్నర పని. నల్లపొగ తగ్గింది, లాగుడు వచ్చింది.

కానీ నా మనసులో ఒకటే. కార్బన్ తీసేశాం సరే, ఎందుకు అంత పేరుకుంది? బగ్ ఎందుకొచ్చిందో తెలీకుండా డేటా మాత్రం క్లీన్ చేస్తే నెల తర్వాత మళ్ళీ అదే. ఫ్రెండ్ దగ్గర బ్లూటూత్ స్కానర్ ఉంటే తెచ్చి స్టీరింగ్ కింద సాకెట్‌కి పెట్టి, నాలుగు రోజులు రీడింగులు ఫోన్లో రికార్డ్ చేశాను. ఒక గీత వింతగా కనిపించింది. ఇంజన్ నీళ్ళ వేడి 90 దగ్గర నిలబడాలి. మాది రోడ్డెక్కి స్పీడందుకోగానే 68కి పడిపోతోంది. బాబాయ్‌కి చూపిస్తే చాలాసేపు చూసి, "థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినట్టుంది" అన్నాడు. విప్పితే నిజమే. ఇంజన్ చల్లగా ఉంటే ఇంధనం సరిగ్గా కాలదు, ఆవిరులు గోడల మీదే జిడ్డుగా దిగుతాయి.

దానికి తోడు మా బండి బతుకే అలాంటిది. స్టేషన్ నుంచి సూర్యలంక పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. ఇంజన్ వేడెక్కేలోపు బీచ్ వచ్చేస్తుంది. అక్కడ ఏసీ వేసుకుని గంటలు గంటలు నిలబడటం. మళ్ళీ పది కిలోమీటర్లు. మసి తయారవడానికి ఇంతకంటే మంచి టైమ్‌టేబుల్ ఉండదు. థర్మోస్టాట్ మార్చాం. వారానికి ఒకసారైనా హైవే మీద ఒంగోలు వైపు కిరాయి దొరికితే వదలొద్దన్నాడు బాబాయ్. ఎక్కువసేపు వేడిగా నడిస్తే పేరుకోవడం నెమ్మదిస్తుందట.

మందు కొనే ముందు

ఇంకో రెండు రకాల మందుల గురించి కూడా మీరు వింటారు. ఒకటి ఆయిల్ మార్చే ముందు ఇంజన్ ఆయిల్లో కలిపే ఫ్లష్. అది కడిగేది ఆయిల్ దారుల్లోని మడ్డిని. ఏళ్ళ తరబడి ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో పోస్తే పెద్ద పెద్ద ముక్కలు ఒక్కసారిగా ఊడి, ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆయిల్ అందకపోతే ఇంజన్‌కి గండమే. రెండోది, స్పార్క్ ప్లగ్ విప్పి పిస్టన్ మీద నేరుగా మందు పోసి నానబెట్టడం. రింగులు పట్టేసినప్పుడు వాడతారు. తర్వాత మిగిలిన ద్రవం మొత్తం పీల్చి తీయాలి. తీయకుండా స్టార్ట్ చేస్తే, ద్రవం గాలిలా నొక్కుకుపోదు కాబట్టి రాడ్ వంగిపోతుంది. మందు ఆయిల్లోకి దిగుతుంది కాబట్టి ఆయిల్ కూడా మార్చాలి. ఇవి మెకానిక్ చేతిలో ఉండాల్సిన పనులు.

నా రెండు వేల ఎనిమిది వందలకి నేను నేర్చుకున్నవి నాలుగు ప్రశ్నలు. ఏ బాటిల్ కొన్నా ముందు ఇవి అడగండి.

ఒకటి, కార్బన్ ఎక్కడుంది? స్కానర్ పెట్టి, అవసరమైతే విప్పి చూసి చెప్పాలి. ఊహించి కాదు.

రెండు, నేను పోసే మందు ఆ చోటికి చేరుతుందా? ట్యాంకు నుంచి అక్కడి దాకా దారి గీసి చూడండి.

మూడు, మందు తగిలే లోహం ఏంటి, రబ్బరు ఏంటి, ఇంజన్ డీజిలా పెట్రోలా? ఇనుముకి మందైంది సత్తుకి విషం కావచ్చు.

నాలుగు, అసలు ఎందుకు పేరుకుంది? దీనికి జవాబు లేకపోతే మళ్ళీ అదే బాటిల్ కొంటారు.

ఇంకొక్కటి. ఆ కాస్టిక్ నీళ్ళు కాలవలో పారబోయలేదు. మన ఊరి కాలవలు పొలాల్లోకి పోతాయి. కెమిస్ట్రీ సార్‌ని అడిగి, పలచటి యాసిడ్‌తో కొంచెం కొంచెంగా తటస్థం చేశాకే పారబోశాం. కాస్టిక్‌ని ఎప్పుడైనా వాడాల్సి వస్తే చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు, సోడాని నీళ్ళలో వేయాలి గానీ సోడా మీద నీళ్ళు పోయకూడదు.

పోయిన వారం నాన్న ఇంటికొస్తూ ఒక బాటిల్ తెచ్చాడు. స్టాండులో ఎవరో బాగుందని ఇచ్చారట. మూత తీయకుండా నా టేబుల్ మీద పెట్టి, "దీని మీద ఏం రాసుందో చదివి చెప్పమ్మా" అన్నాడు. వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలన్నీ చదివాను. పెట్రోలు బండ్లకి మాత్రమే అని ఉంది.

"మనది కాదు నాన్నా, తిరిగిచ్చెయ్" అన్నాను. సరేనని జేబులో పెట్టుకున్నాడు. ఆ ఎల్బో పోయిన తర్వాత ఇంజన్ గురించి నాన్న నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి.